వేగం ఎవరి చేతిలో: జగిత్యాల నేల మీద పరుగు చరిత్ర

పోలీసు నోటిఫికేషన్ పడిందంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో తెల్లవారుజాము తీరే మారిపోతుంది. కానిస్టేబుల్ కొలువు మీద ఆశ పెట్టుకున్నవాళ్లు, సైన్యంలో చేరాలనుకునేవాళ్లు కాలేజీ మైదానాల్లో, ఊరి బయటి రోడ్ల మీద, కాలువ గట్ల మీద పరుగు అందుకుంటారు. కొంచెం డబ్బు చేతిలో ఉన్నవాళ్లు జిమ్‌లో చేరి ట్రెడ్‌మిల్ ఎక్కుతారు. ఇద్దరూ చేసేది ఇప్పుడు చాలావరకు ఇంటర్వెల్ పరుగే: కొంత దూరం గట్టిగా ఉరకడం, ఊపిరి కుదుటపడేదాకా నడవడం, మళ్లీ ఉరకడం. దీన్ని నేల మీద చేయాలా, మిషన్ మీద చేయాలా అన్న చర్చ ఎక్కడ జరిగినా మోకాళ్ల నొప్పి, కరిగే కొవ్వు, జిమ్ ఫీజుల చుట్టూనే తిరుగుతుంది. ఆ లెక్కలు అవసరమే. కానీ పరుగు చరిత్రను, ముఖ్యంగా ఈ ప్రాంతపు చరిత్రను చూస్తే అంతకంటే పెద్ద ప్రశ్న ఒకటి ముందుకొస్తుంది. పరిగెత్తేవాడి వేగాన్ని ఎవరు నిర్ణయిస్తున్నారు? ఇంటర్వెల్ పద్ధతి మనిషికి తన వేగం మీద తనకు పట్టు నేర్పగలదు. ఆ పట్టు నేల మీదే పూర్తిగా దొరుకుతుందనీ, మిషన్ దానికి తోడు నిలవగలదే తప్ప దాని స్థానంలోకి రాలేదనీ నా వాదన.

నేల మీద పరిగెత్తడమంటే స్వేచ్ఛ అనీ, మిషన్ మీద పరిగెత్తడమంటే బందీ కావడమనీ తేలిగ్గా అనేయొచ్చు. ఈ ప్రాంతపు గతం ఆ మాటను ఒప్పుకోదు. నిజాం కాలపు తెలంగాణలో వెట్టిచాకిరి ఒక వ్యవస్థగా సాగింది. దొర, దేశ్‌ముఖ్, సర్కారీ అధికారి ఎవరు కచ్చడం బండి ఎక్కి బయలుదేరినా వెట్టివాళ్లు బండికి ముందూ వెనకా ఉరకాల్సిందే. దారిలో అడ్డున్నవాళ్లను తప్పించాలి, రక్షణగా సాగాలి, కబురు మోసుకుపోవాలి. తెలంగాణ సాయుధ పోరాట చరిత్ర రాసిన పుచ్చలపల్లి సుందరయ్య ఈ పరుగును వెట్టి రూపాల్లో ఒకటిగా నమోదు చేశారు. ఆ పరుగు జరిగింది ఆరుబయటే. చుట్టూ పొలాలు, పైన ఆకాశం, కాళ్ల కింద మట్టి. కానీ వేగం మాత్రం ఎడ్లది, ఎడ్లను తోలేవాడిది, బండిలో కూర్చున్నవాడిది. ఆగే హక్కు పరిగెత్తేవాడికి లేదు. నిజాం రాజ్యం పోయాక కూడా గడీల పెత్తనం, వెట్టి ఆనవాళ్లు ఈ తాలూకాల్లో దశాబ్దాలపాటు మిగిలే ఉన్నాయి. 1978 సెప్టెంబరులో రైతుకూలీలు వేలాదిగా తరలివచ్చి జరిపిన జగిత్యాల జైత్రయాత్ర ఎదిరించింది ఆ పెత్తనాన్నే. ఆ మరుసటి నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఒకప్పుడు దొర బండి ముందు ఉరకాల్సి వచ్చిన కులాల పిల్లలు ఇవాళ తమ కొలువు కోసం తాము పరిగెత్తుతున్నారు. ఈ ప్రాంతపు పరుగు చరిత్రలో అతిపెద్ద మార్పు అదే.

ట్రెడ్‌మిల్ పుట్టుక కూడా ఇలాంటి బలవంతంలోనే ఉంది. 1818లో విలియం క్యూబిట్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు ఖైదీల కోసం పెద్ద మెట్ల చక్రం రూపొందించాడు. ఖైదీలు వరుసగా నిలబడి మెట్టు మీద మెట్టు తొక్కుతూ ఉండాలి. ఎంత ఎక్కినా ఉన్నచోటే ఉంటారు. 1821లో లండన్ బ్రిక్స్‌టన్ జైలులో పెట్టిన చక్రంతో ధాన్యం విసిరించారు. చాలా జైళ్లలో ఆ తొక్కుడుకు ఏ ప్రయోజనమూ ఉండేది కాదు, మనిషిని అలసటతో లొంగదీయడమే దాని పని. కాలు ఆలస్యమైతే తర్వాతి మెట్టు తగులుతుంది కాబట్టి వేగం మీద ఖైదీకి ఏ అధికారమూ లేదు. 1898 నాటి జైలు సంస్కరణ చట్టం తర్వాత, 1902 నాటికి బ్రిటన్‌లో ఈ శిక్ష అంతరించింది. ఈ చక్రాన్నీ దొర కచ్చడాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఒకటి నాలుగు గోడల మధ్య, ఇంకొకటి ఆరుబయట. ఒకటి యంత్రం, ఇంకొకటి మట్టి బాట. రెండింటిలోనూ హింస ఒక్కటే: కాలు ఒకరిది, వేగం ఇంకొకరిది. అందుకే మిషన్‌కూ నేలకూ మధ్య తేడాను తూచేటప్పుడు గోడలున్నాయా లేవా అన్నది కాక, ఈ వేగం ఎవరిది అన్నది కొలబద్ద కావాలి.

వేగం చేతులు మారడమంటే ఏమిటో సిరిసిల్లకు ఇంకో దారిలో కూడా తెలుసు. గుంట మగ్గం మీద నేత కార్మికుడి కాళ్లే పడుగును విడదీస్తాయి. అతడు తొక్కితేనే బట్ట సాగుతుంది, ఆపితే ఆగుతుంది. కరెంటు సాంచాలు (మరమగ్గాలు) వచ్చాక ఆ లయ మోటారు చేతికి పోయింది. ఒక్క కార్మికుడు ఒకేసారి పలు సాంచాల మధ్య నిలబడి, పన్నెండు గంటల పాళీలో తెగిన పోగులు అతుకుతూ తిరుగుతాడు. సాంచాల వల్ల ఉత్పత్తి పెరిగింది, వేల కుటుంబాలు బతికాయి, దాన్ని కాదనలేం. అయినా శరీరం తన లయను వదులుకుని యంత్రపు లయకు సర్దుకోవడంలో ఉండే అలసటను ఆ షెడ్లలో పనిచేసేవాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు.

జైలు చక్రం పోయిన యాభై ఏళ్లకు ట్రెడ్‌మిల్ మరో జన్మ ఎత్తింది. ఈసారి అది ఆసుపత్రిలోకి వచ్చింది. అమెరికాలోని సియాటిల్‌లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు హృద్రోగ వైద్యుడు రాబర్ట్ బ్రూస్ కదిలే బెల్టు మీద రోగిని నడిపిస్తూ ఈసీజీ తీసే పద్ధతిని తీర్చిదిద్దాడు. 1963లో వెలువడిన ఆయన పద్ధతిలో మూడేసి నిమిషాలకు ఒకసారి వేగం, ఏటవాలు రెండూ పెరుగుతాయి. మన దగ్గర గుండె డాక్టర్లు టీఎంటీ అని రాసిచ్చే పరీక్ష ఇదే. జిమ్ ముఖం ఎరగని పెద్దవాళ్లు కూడా టీఎంటీ పేరు చెప్పగలరు. ఆ తర్వాత 1968లో కెన్నెత్ కూపర్ రాసిన ‘ఏరోబిక్స్’ పుస్తకం మామూలు మనుషులను పరుగు వైపు మళ్లించింది. ఆ పుస్తకం చదివిన విలియం స్టాబ్ అనే ఇంజినీరు ఇళ్లలో పెట్టుకునేంత తక్కువ ఖర్చులో ట్రెడ్‌మిల్ తయారుచేశాడు. ఈ రెండో జన్మలో మిషన్ నిజంగా మేలు చేసింది. మనిషిని ఒకేచోట ఉంచి, వేగాన్ని కచ్చితంగా నిలిపి, గుండె ఏం చేస్తుందో చూపగలిగింది. కొలవడమే దాని అసలు బలం. బాగా కొలవాలంటే వేగం రోగి ఇష్టానికి మారకూడదు, కాబట్టి ఇక్కడ కూడా వేగాన్ని మనిషి చేతిలోంచి తీసి మిషన్‌కు అప్పగించాల్సి వచ్చింది. రోగికి అది మేలు. పరుగు నేర్చుకునేవాడికి మేలా కాదా అన్నది వేరే సంగతి.

ఇంటర్వెల్ పరుగు ఇందుకు దాదాపు ఎదురు దిశలో పుట్టింది. 1930ల్లో జర్మనీలో వోల్డెమార్ గెర్‌ష్లర్ అనే శిక్షకుడు, హెర్బర్ట్ రైన్‌డెల్ అనే గుండె వైద్యుడు కలిసి ఒక సూత్రం రూపొందించారు. నాడి నిమిషానికి 180 దాకా చేరేలా కొద్ది దూరం ఉరకాలి, తర్వాత అది 120కి దిగేదాకా ఆగాలి. తొంభై సెకన్లలోగా దిగకపోతే వేగం ఎక్కువైనట్టో దూరం ఎక్కువైనట్టో లెక్క. గుండె బలపడేది ఉరుకులో కంటే ఆ విరామంలోనే అని వాళ్లు నమ్మారు. గెర్‌ష్లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్‌లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరిగెత్తితే ఆ రికార్డు 1955 దాకా చెక్కుచెదరలేదు. అదే కాలంలో స్వీడన్‌లో గోస్టా హోల్మేర్ అడవి బాటల్లో మనసుకు తోచినప్పుడు వేగం పెంచుతూ తగ్గిస్తూ పరిగెత్తే ఫార్ట్‌లెక్ పద్ధతిని తెచ్చాడు. చెకొస్లొవాకియా సైనికుడు ఎమిల్ జాటోపెక్ 400 మీటర్ల ఉరుకులను పదుల సంఖ్యలో చేసి, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచాడు. ఈ ముగ్గురి దారుల్లో తేడాలు చాలా ఉన్నా ఒకటి ఉమ్మడిగా కనిపిస్తుంది: తర్వాతి ఉరుకు ఎప్పుడు మొదలుపెట్టాలో శరీరాన్ని అడిగి తెలుసుకోవడం. మిషన్‌లో ముందే నింపి ఉంచిన ప్రోగ్రాం అలా అడగదు. నిమిషం కాగానే బెల్టు వేగం అందుకుంటుంది, నాడి దిగినా దిగకపోయినా.

మిషన్‌నూ నేలనూ రెండింటినీ తెలిసి వాడుకున్న మనిషి మైలు పరుగు వీరుడు రోజర్ బానిస్టర్. వైద్య విద్యార్థిగా ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన ట్రెడ్‌మిల్ మీద ప్రయోగాలు చేశాడు. ఆక్సిజన్ పాలు పెంచిన గాలి పీలిస్తే శ్రమలో శ్వాస ఎలా మారుతుందన్నది ఆయన పరిశోధన. మిషన్ ఇచ్చే కచ్చితత్వం విలువ ఆయనకు తెలిసినంతగా తెలిసిన పరుగు వీరులు అప్పట్లో అరుదు. అయినా మైలు పరుగుకు తయారైంది మాత్రం ట్రాక్ మీదే. 440 గజాల ఉరుకు పదిసార్లు, మధ్యలో రెండేసి నిమిషాల విరామం. ఒక్కో ఉరుకు 66 సెకన్లతో మొదలై నెలల సాధనతో 59కి దిగింది. 1954 మే 6న ఇఫ్లీ రోడ్ ట్రాక్ మీద గాలి ఎంత ఉధృతంగా వీచిందంటే మైలు రికార్డు ప్రయత్నాన్ని వాయిదా వేద్దామని ఆయన చివరిదాకా తటపటాయించాడు. గాలి తగ్గాకే దిగాడు. మొదటి చుట్టులో ఒంట్లో సత్తువ పొంగి, ముందు పరిగెత్తుతున్న క్రిస్ బ్రాషర్‌ను ఇంకా వేగంగా పొమ్మని అరిచాడు. బ్రాషర్ వినకుండా తన లెక్క ప్రకారమే సాగాడు. ఆ నిదానమే 3 నిమిషాల 59.4 సెకన్ల రికార్డును కాపాడిందని బానిస్టర్ తర్వాత ఒప్పుకున్నాడు. అంతటివాడికే మొదటి చుట్టులో వేగపు అంచనా తప్పిందంటే, వేగాన్ని పట్టుకోవడం కండబలానికి మించిన విద్య అని అర్థం. ఆ విద్య గాలి, మలుపు, పక్కవాడి అడుగుల చప్పుడు ఉన్నచోటే వస్తుంది.

మైలుకూ మన పోలీసు పరీక్షకూ దగ్గరి చుట్టరికం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పురుష అభ్యర్థులు 5 కిలోమీటర్లను 25 నిమిషాల్లో పూర్తి చేయాల్సి వచ్చేది. ఆ పరుగులో కుప్పకూలి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. తెలంగాణ ఏర్పడ్డాక 2015 నియామకాల నుంచి 5 కిలోమీటర్ల పరుగును తీసేసి, 100 మీటర్లతో పాటు 800 మీటర్లను 170 సెకన్లలో పరిగెత్తాలన్నారు. 2022 నోటిఫికేషన్‌తో అది కూడా మారి పురుషులకు 1,600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో అయింది. ఇది దాటితేనే లాంగ్ జంప్, షాట్‌పుట్ దాకా పోగలరు. పురుషుల పరుగును వేగంలోకి మారిస్తే మొదటిది గంటకు 12 కిలోమీటర్లు, రెండోది దాదాపు 17, మూడోది 13.2. దూరం తగ్గినప్పుడల్లా పరీక్ష తేలికైందనుకోవడం పొరపాటు. 5 కిలోమీటర్లకు ఓపిక కావాలి, 800కు వేగం కావాలి, 1,600కు ఆ రెండింటినీ కలిపి పంచుకునే తెలివి కావాలి. 2022లో అగ్నిపథ్ నియామక పథకం మొదలైనప్పుడు సైన్యం 1.6 కిలోమీటర్లను ఐదున్నర నిమిషాల్లో ముగించినవాళ్లకు పూర్తి మార్కులు పెట్టింది. అంటే గంటకు 17.4 కిలోమీటర్లకు పైనే. ఇళ్లకు అమ్మే చాలా ట్రెడ్‌మిల్‌లు ఆ వేగాన్ని చేరనే చేరవు.

పోలీసు పరీక్షనే తీసుకుందాం. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు చుట్లు, చుట్టుకు 1 నిమిషం 48 సెకన్లు. వరుసలో నిలబడ్డ గుంపు ఒక్కసారిగా కదులుతుంది, మొదటి 200 మీటర్లు అందరూ దూసుకుపోతారు, వాళ్లతోపాటు పోకపోతే వెనకబడతామన్న భయం. అలా మొదటి చుట్టును నిమిషం ముప్పై సెకన్లలో ముగించినవాడు మూడో చుట్టులో దాని మూల్యం కడతాడు. ట్రెడ్‌మిల్ మీద 13.2 అని నొక్కి ఏడుంపావు నిమిషాలు నిలబడినవాడికి ఆ దూరాన్ని మోయగల గుండె, కాళ్లు ఉన్నాయని రుజువవుతుంది. కానీ ఆ వేగం తన ఒంట్లో ఎలా ఉంటుందో అతడికి తెలియదు, ఎందుకంటే దాన్ని పట్టి ఉంచింది బెల్టు. నేల మీద 400 మీటర్లను నాలుగైదుసార్లు 1 నిమిషం 45 సెకన్లకు అటూఇటుగా పరిగెత్తి, ప్రతిసారీ గడియారం చూసుకునేవాడికి మొదట్లో పది సెకన్లు తప్పుతుంది, కొన్ని వారాలకు రెండు సెకన్లకు మించి తప్పదు. ఆ సవరణే శిక్షణ. తప్పు చేసే అవకాశం లేనిచోట అది దొరకదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం శాస్త్రం నుంచే వస్తుంది, అది బలమైనది. 1996లో ఆండ్రూ జోన్స్, జొనాథన్ డౌస్ట్ చేసిన అధ్యయనం ప్రకారం ట్రెడ్‌మిల్‌ను ఒక్క శాతం ఏటవాలుగా పెడితే ఆరుబయట గాలి నిరోధం లేని లోటు తీరి, ఆక్సిజన్ ఖర్చు ఇంచుమించు సమానమవుతుంది. వాళ్లు పరీక్షించిన వేగాలు గంటకు సుమారు పదిన్నర నుంచి 18 కిలోమీటర్లు, అంటే పైన లెక్కించిన వేగాలన్నీ ఆ పరిధిలోకే వస్తాయి. గుండెకు, ఊపిరితిత్తులకు సంబంధించినంతవరకు నేలకూ మిషన్‌కూ తేడా చాలా తక్కువ అన్న మాట నిజం, దాన్ని ఒప్పుకోవాల్సిందే. ఆరోగ్యం కోసమే పరిగెత్తేవాళ్లకు ఆ మాటతో సగం చర్చ తీరిపోతుంది. షుగరు, రక్తపోటు ఉండి డాక్టరు చెప్పిన మేరకు నడక, పరుగు కలిపి చేసే పెద్దవాళ్లకు మిషన్ మంచి తోడు. కానీ పరీక్ష కోసం పరిగెత్తేవాడి గుండె ఎంత ఇంధనం కాల్చిందని ఎవరూ అడగరు. ఇచ్చిన సమయంలో గీత దాటాడా లేదా అన్నదే లెక్క. పైగా చిన్న ఉరుకుల విషయంలో మిషన్‌కు ఒక లోపం ఉంది. బెల్టు వేగం అందుకోవడానికీ తగ్గడానికీ సెకన్లు పడతాయి, ముప్పై సెకన్ల ఉరుకులో ఆ సెకన్లే పెద్ద భాగం. నేల మీద మొదటి అడుగు నుంచే కాలు నేలను తన్ని దేహాన్ని ముందుకు తోయాలి.

రెండో అభ్యంతరం ఈ ఊళ్ల నిజ జీవితంలోంచి వస్తుంది. మే నెలలో జగిత్యాల ప్రాంతంలో ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. తెల్లవారకముందే వేడి మొదలవుతుంది. కోరుట్ల మీదుగా నిజామాబాద్–జగదల్‌పూర్ జాతీయ రహదారి పోతుంది, చీకట్లో లారీల పక్కన పరిగెత్తడం ప్రాణాలతో చెలగాటం. కుక్కల బెడద సరేసరి. అన్నిటికంటే ముఖ్యం, అమ్మాయిలు. తెల్లవారుజామున నాలుగున్నరకు ఒంటరిగా రోడ్డు మీదికి రావడానికి ఎంతమంది ఇళ్లలో ఒప్పుకుంటారు? ఈ అభ్యంతరాలను తేలిగ్గా కొట్టేయడం అన్యాయం. నడివేసవిలో, దారి భద్రం కానిచోట మిషన్ వాడుకోవడం వివేకమే. అయితే గాలి ఆడని గదిలో ట్రెడ్‌మిల్ మీద చెమట ఆరక ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది, కాబట్టి ఎదురుగా ఫ్యాను ఉండి తీరాలి. ఇక అమ్మాయిల భద్రత సంగతి: 800 మీటర్ల పరుగు పెట్టి కొలువు ఇస్తామన్న ప్రభుత్వం, ఆ 800 మీటర్లు భయం లేకుండా పరిగెత్తే చోటు చూపించాల్సిన బాధ్యత నుంచి తప్పించుకోలేదు. జిమ్ ఫీజు కట్టగలిగిన ఇంటి పిల్లకే ఆ చోటు దొరికితే, బీడీలు చుట్టే తల్లి కూతురు పోటీ మొదలుకాకముందే వెనకబడుతుంది.

మూడో అభ్యంతరం నా వాదనకే ఎదురు నిలుస్తుంది. ఇంటర్వెల్ పద్ధతి కూడా గడియారంతో, నాడి లెక్కతో బయటినుంచి రుద్దేదే కదా, కోచ్ ఈల వేస్తే ఉరికేవాడికీ బెల్టు తిప్పితే ఉరికేవాడికీ తేడా ఏముంది? ఈ ప్రశ్నలో నిజం ఉంది. ఈలకు భయపడి, నాడి దిగకుండానే పదో ఉరుకు తీసేవాడు నేల మీదే మరో జైలు చక్రం తొక్కుతున్నాడు. వెట్టి చరిత్ర చెప్పేది కూడా అదే: ఆరుబయట అన్న ఒక్క కారణంతో ఏ పరుగూ మనిషిది అయిపోదు. తేడా ఎక్కడంటే, నేల మీద మనిషి తన వేగాన్ని తాను మార్చుకోగలడు, ఆగగలడు, ఎప్పుడు ఆగాలో నేర్చుకోగలడు. మంచి శిక్షకుడు మొదట గడియారం తన చేతిలో పట్టుకుంటాడు, క్రమంగా దాన్ని శిష్యుడి చేతిలో పెడతాడు. మిషన్ వాడే పద్ధతి కూడా అలాగే ఉండాలి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు 13 కిలోమీటర్ల వేగం ఎలా ఉంటుందో రుచి చూడటానికి, గాయం నుంచి కోలుకునేటప్పుడు మెత్తని బెల్టు మీద కాళ్లకు ధైర్యం చెప్పుకోవడానికి, వడగాడ్పుల రోజుల్లో సాధన తెగిపోకుండా చూసుకోవడానికి దాన్ని వాడుకోవచ్చు. వారంలో ముఖ్యమైన ఇంటర్వెల్ సాధన మాత్రం నేల మీదే జరగాలి.

అలా జరగాలంటే నేల ఉండాలి. ఈ మూడు ఊళ్లకూ కావాల్సినవి ఖరీదైన సింథటిక్ ట్రాకులు కావు. 400 మీటర్లు కొలిచి గీత గీసిన మట్టి ట్రాక్, తెల్లవారుజామున వెలిగే నాలుగు దీపాలు, తాగునీరు, ఆడపిల్లలకు భరోసాగా ఒక కాపలా మనిషి ఉంటే చాలు. కాకతీయ కాలువ గట్టు మీద ఎంపిక చేసిన ఒక కిలోమీటరును వాహనాలు రాకుండా పొద్దున రెండు గంటలు ఆపినా చాలామందికి మైదానం దొరికినట్టే. సిరిసిల్లలో సాంచాల పాళీ ముగించుకుని వచ్చే యువకుడికి వీలయ్యే వేళల్లో కూడా అవి తెరిచి ఉండాలి. రోజంతా మోటారు వేగానికి ఒళ్లు అప్పగించినవాడికి తన వేగంతో తాను కదిలే చోటు ఇంకా ఎక్కువ అవసరం. వెట్టి పరుగు నుంచి కొలువు పరుగు దాకా రావడానికి ఈ ప్రాంతం చాలా మూల్యం చెల్లించింది. ఆ ప్రయాణంలో గెలుచుకున్నది ఏమిటంటే, ఎంత వేగంగా ఉరకాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించుకునే హక్కు. పరీక్షకు తయారయ్యే ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ ఆ హక్కును తమ కాళ్లతో నేర్చుకోవాలి, ఆ నేర్చుకునే చోటును వాళ్లకు ఇవ్వడం పట్టణాల పని.